ఎండ పండుతోంది... రాత్రికి మిగులుతుందా?

‘ఇంటిమీద సోలార్ పలకలు పెట్టించుకుంటే ఇక కరెంటు బిల్లే రాదట...’ ‘మన ఎండలకు రెట్టింపు కరెంటు తయారవుతుందట...’ ‘వానాకాలంలో మాత్రం దండగేనట...’ ‘లైన్‌లో కరెంటు పోయినా మన ఇంట్లో ఫ్యాన్లు ఆగవట...’

తడ నుంచి తిరుపతి దాకా, ఏ టీకొట్టు దగ్గర నిలబడినా ఈ ‘అట’లే వినిపిస్తున్నాయి. వేలూ లక్షలూ పెట్టి కొనాల్సిన వస్తువు కాబట్టి ఏది నిజమో, ఎంత నిజమో తెలుసుకుని తీరాలి. మరి తెలుసుకుందామా!

ఆంధ్రా, తమిళనాడు సరిహద్దులో చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి మీద ఉంటుంది తడ. ఒకప్పుడు నెల్లూరు జిల్లా... 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. తూర్పున పులికాట్ సరస్సు. దాని ఆవలి ఒడ్డున శ్రీహరికోట. సోలార్ పలకలు ఇళ్లమీదికి ఎక్కింది ఈ మధ్యే కావచ్చు గానీ, ఈ ప్రాంతానికి వాటితో ఉన్న చుట్టరికం మాత్రం పాతదే. 1980 జులై 18న శ్రీహరికోట నుంచి ఎస్ఎల్‌వీ-3 రాకెట్ మోసుకెళ్లిన రోహిణి ఉపగ్రహం బరువు 35 కిలోలు. దానికి కావాల్సిన కరెంటు 16 వాట్లు. ఇప్పుడు ఇంట్లో వాడుతున్న రెండు ఎల్ఈడీ బల్బులంత! ఆ కాస్త కరెంటూ సూర్యుడి నుంచి వచ్చిందే. ఆకాశంలో స్తంభాలు పాతి తీగలు లాగలేరు కదా మరి.

2023లో ఇక్కడి నుంచే బయల్దేరిన చంద్రయాన్-3లోనూ అంతే. విక్రమ్ ల్యాండర్ పలకల సామర్థ్యం 738 వాట్లు, ప్రజ్ఞాన్ రోవర్‌ది 50 వాట్లు. ఆగస్టు 23న దిగిన ఆ రెండూ చంద్రుడి మీద ఒక పగలంతా చక్కగా పనిచేశాయి. అక్కడి పగలంటే మన లెక్కలో దాదాపు పద్నాలుగు రోజులు. ఆ తర్వాత వచ్చిన సుదీర్ఘమైన రాత్రిలో గడ్డకట్టించే చలికి నిద్రలోకి జారుకున్నవి మళ్లీ లేవలేదు.

సౌర విద్యుత్తు కథంతా ఇందులోనే ఉంది. పగలు పలక తన పని తాను చేసుకుపోతుంది. చిక్కల్లా రాత్రితోనే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, పలక చేయలేని పనులన్నిటితోనూ!

గేటు దాటితే వెనక్కి రాలేదు

ఇంతకీ ఎండ కరెంటుగా ఎలా మారుతుంది?

పలకలో ప్రధానమైన సరుకు సిలికాన్. ఇసుకలోనూ పలుగురాళ్లలోనూ దొరికేదే. దాన్ని బాగా శుద్ధి చేసి, పలుచటి అప్పడాల్లాంటి బిళ్లలుగా కోస్తారు. ఒక్కో బిళ్లా ఒక్కో సోలార్ సెల్ అవుతుంది. సిలికాన్ పరమాణువు వెలుపలి వరసలో నాలుగు ఎలక్ట్రాన్లుంటాయి. అవి పక్కనున్న పరమాణువులతో చేతులు కలిపి కదలకుండా కూర్చుంటాయి. కదలిక లేకపోతే కరెంటూ లేదు.

అందుకే బిళ్లలో ఒక పక్క చిటికెడు ఫాస్ఫరస్ కలుపుతారు. దానికి అయిదు ఎలక్ట్రాన్లు. అంటే ఒకటి ఎక్కువ. రెండో పక్క బోరాన్ కలుపుతారు. దానికి మూడే. అంటే ఒక కుర్చీ ఖాళీ. ఈ రెండు పక్కలూ కలిసేచోట ఎక్కువైనవి కొన్ని వెళ్లి ఖాళీల్లో కూర్చుంటాయి. దాంతో సరిహద్దు దగ్గర శాశ్వతంగా ఒక విద్యుత్ తోపుడు ఏర్పడుతుంది. అది ఎలక్ట్రాన్లను ఒకే దిక్కుకు, ఫాస్ఫరస్ పక్కకు నెడుతుంది.

తిరుమల క్యూలైన్లో ఒకవైపే తిరిగే గేటును గుర్తుచేసుకోండి. ఒకసారి దాటారా... వచ్చినదారిన వెనక్కి వెళ్లడం కుదరదు. చుట్టూ తిరిగి బయటికి రావాల్సిందే. సెల్‌లో జరిగేదీ అదే. వెలుగు వచ్చి తాకగానే కుర్చీలో కూర్చున్న ఎలక్ట్రాన్ లేస్తుంది. తోపుడు దాన్ని గేటు దాటిస్తుంది. తిరిగి తన చోటికి చేరాలంటే బయటి తీగలోంచి చుట్టూ తిరిగి రావాలి. ఆ తీగ మధ్యలో బల్బు పెడితే వెలుగుతుంది, ఫ్యాను పెడితే తిరుగుతుంది. కోట్లానుకోట్ల ఎలక్ట్రాన్ల ప్రదక్షిణమే మనం వాడుకునే కరెంటు!

ఇందులో కదిలే చక్రం లేదు, కాలే బొగ్గు లేదు, అరిగే భాగం లేదు. అందుకే మంచి పలక పాతికేళ్లు నిక్షేపంగా పనిచేస్తుంది. ఒక్క సెల్ ఇచ్చేది మాత్రం అర వోల్టు కాస్త పైన. అందుకే పదుల సంఖ్యలో సెల్స్‌ను దండలా గుచ్చి పలకగా చేస్తారు. ఈ దండ సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

వేడి కాదు... వెలుగు కావాలి

‘మన ఎండలకు రెట్టింపు కరెంటు’ అన్న మాటకొద్దాం. ఇది సగమే నిజం. రాయలసీమలో ఏడాదిలో ఎక్కువ రోజులు నిర్మలమైన ఆకాశం ఉంటుంది. ఆ వెలుగు పలకకు పండగే. వేడి మాత్రం గిట్టదు. పలక సామర్థ్యాన్ని లెక్కగట్టేది 25 డిగ్రీల దగ్గర. అంతకుమించి పెరిగే ఒక్కో డిగ్రీకీ ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం మిద్దెమీద పలక 65 డిగ్రీలకు చేరిందనుకుంటే 12 నుంచి 16 శాతం కరెంటు ఆవిరైపోయినట్టే. అందుకే పలకను మిద్దెకు అతికించినట్టు కాకుండా కిందినుంచి గాలాడేలా ఎత్తులో బిగించాలి.

వేడినే వాడుకునే పద్ధతి వేరే ఉంది. 2002లో తిరుమలలో అన్నప్రసాదం వండటానికి పెట్టిన ఏర్పాటు అలాంటిదే. 106 గిన్నెల్లాంటి అద్దాలు ఎండను ఒకచోటికి చేర్చి నీటిని ఆవిరి చేస్తే, ఆ ఆవిరితో వంట! రోజుకు 15 వేల మందికి వండగల వ్యవస్థ అది. అక్కడ కరెంటు ప్రసక్తే లేదు. ఇంటిమీద పెట్టే నీళ్ల హీటరుదీ అదే కుటుంబం. చూడటానికి రెండూ సోలారే అయినా ఒకటి వేడిని పట్టుకుంటుంది, ఇంకొకటి వెలుగును.

వానాకాలం మాటేంటి? మబ్బు ఎంత దట్టంగా ఉంటే ఉత్పత్తి అంత తగ్గుతుంది. పగటి వెలుగున్నంతసేపూ పూర్తిగా మాత్రం ఆగదు. పైగా మంచి వాన పలకల్ని కడిగిపెడుతుంది కూడా. ఏడాది సగటు చూసుకుంటే మన దగ్గర ఒక కిలోవాట్ పలకలు రోజుకు సుమారు 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్లు ఇస్తాయి. అందుకు నీడపడని చోటు వంద చదరపు అడుగులుంటే చాలు.

ఉపగ్రహం నుంచి ఊళ్లోకి...

వెలుగు తగిలితే కొన్ని పదార్థాల్లో కరెంటు పుడుతుందని 1839లో ఫ్రెంచి శాస్త్రవేత్త బెకెరెల్ కనిపెట్టాడు. వెలుగు ఎలక్ట్రాన్లను ఎలా తరిమేస్తుందో 1905లో ఐన్‌స్టీన్ వివరించాడు. ఆయనకు నోబెల్ తెచ్చిపెట్టింది అదే. పనికొచ్చే సిలికాన్ సెల్‌ను 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు తయారుచేశారు. పడిన ఎండలో అది కరెంటుగా మార్చింది 6 శాతమే. ఇప్పుడు మార్కెట్లో దొరికే పలకలు 20 శాతం దాటేశాయి.

ఆ రోజుల్లో దాని ధర చూస్తే కళ్లు తిరిగేవి. అంత ఖరీదు భరించగలిగింది ఉపగ్రహాలు మాత్రమే. 1958లో అమెరికా పంపిన వాన్‌గార్డ్-1 సౌర సెల్స్ పెట్టుకుని కక్ష్యలోకి వెళ్లిన తొలి ఉపగ్రహం. నేటి విలువలో లెక్కగడితే 1976లో పలక ధర వాటుకు నూరు డాలర్ల పైమాటే. 2024 నాటికి అంతర్జాతీయ మార్కెట్లో అది పది, పదిహేను సెంట్లకు దిగొచ్చింది. ఇంతలా చవకైన యంత్రం ఇంకోటి చెప్పమంటే కష్టమే!

మన రాష్ట్రంలోనూ ఆ మార్పు కళ్లముందే జరిగింది. కర్నూలు ప్రాంతంలోని గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. అదే ఏడాది ఏప్రిల్లో కడప సోలార్ పార్కు వేలంలో యూనిట్ ధర 3 రూపాయల 15 పైసలకు పడిపోయింది. అప్పటికి దేశంలో అదే రికార్డు. మరుసటి నెలలోనే రాజస్థాన్‌లోని భడ్లా 2 రూపాయల 44 పైసలతో దాన్ని చెరిపేసింది. 2025 జనవరి చివరికి దేశం మొత్తం సౌర సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది. తడకు దగ్గర్లోని నాయుడుపేటలో ఏడాదికి 4 గిగావాట్ల సోలార్ సెల్స్ చేసే కర్మాగారాన్ని హైదరాబాద్‌కు చెందిన ప్రీమియర్ ఎనర్జీస్ తలపెట్టింది.

మరి ఇంత చవకైతే పేద దేశాల్లో చీకటి ఎప్పుడో పోవాలి కదా?

చవకైతే సరిపోదు

సోలార్ దీపాలు ఊరూరా పంచి, ఫొటోలు దిగి వెళ్లిపోయిన పథకాలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. రెండు మూడేళ్లకు బ్యాటరీ మొరాయిస్తుంది. మార్చడానికి డబ్బుండదు, బాగుచేసేవాడు ఊళ్లో ఉండడు. పలక మాత్రం ఎండలో నిక్షేపంలా ఉంటుంది. ‘సోలార్ పనికిరాదు’ అన్న పేరు మిగులుతుంది. నెగ్గుకొచ్చిన చోట్ల ఏం చేశారో చూస్తే అసలు రహస్యం బోధపడుతుంది.

బంగ్లాదేశ్‌నే తీసుకోండి. 2003లో అక్కడి ప్రభుత్వ ఆర్థిక సంస్థ ఇడ్కాల్ ఇళ్లకు చిన్న సోలార్ సెట్లు ఇచ్చే కార్యక్రమం మొదలుపెట్టింది. ఉచితంగా కాదు, వాయిదాల మీద. గ్రామీణ్ శక్తి లాంటి సంస్థలు ఊళ్లలో మనుషుల్ని పెట్టాయి. వాయిదా వసూలుకు వచ్చే మనిషే బ్యాటరీ కూడా చూసి వెళ్లేవాడు. 2018 నాటికి 40 లక్షలకు పైగా ఇళ్లు, సుమారు 2 కోట్ల మంది ఆ వెలుగు చూశారు. తర్వాత మామూలు కరెంటు తీగలు ఊళ్లకు చేరడంతో ఆ సెట్ల అవసరం తగ్గింది. అయితేనేం, ఆలోపు ఒక తరం పిల్లలు కిరోసిన్ పొగ లేకుండా చదువుకున్నారు.

కెన్యాలో ఇంకో ఉపాయం చేశారు. అక్కడ డబ్బు పంపాలన్నా కట్టాలన్నా సెల్‌ఫోనే. దాన్ని ఆసరా చేసుకుని ఎం-కోపా అనే కంపెనీ 2012లో రోజువారీ చెల్లింపు తెచ్చింది. ఏ రోజుకారోజు కొద్ది మొత్తం ఫోన్లో కడితే దీపం వెలుగుతుంది, బాకీ తీరాక సెట్ సొంతమవుతుంది.

అంత దూరమెందుకు... పక్కనున్న కర్ణాటకలో 1995లో మొదలైన సెల్కో సంస్థదీ ఇదే పాఠం. దాన్ని నడిపిన హరీశ్ హందే 2011లో మెగసెసె పురస్కారం అందుకున్నారు. నెలకు మూడొందలంటే భారం, రోజుకు పది రూపాయలైతే కడతానని ఓ వీధి వ్యాపారి చెప్పిన మాట తన కళ్లు తెరిపించిందని ఆయన చెబుతుంటారు. లెక్క ఒక్కటే! కానీ ఏ రోజు సంపాదన ఆ రోజే చూసే ఇంటికి ఆ రెండింటి మధ్య ఎంత తేడా ఉందో పూలమ్మే అవ్వను అడిగినా చెబుతుంది.

మరి రిపేరు సంగతి? రాజస్థాన్‌లోని తిలోనియాలో ఉన్న బేర్‌ఫుట్ కాలేజీ చదువురాని అమ్మలకీ అమ్మమ్మలకీ సోలార్ దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్పింది. ఆఫ్రికా దేశాల నుంచీ ఎందరో మహిళలు ఆరునెలలు అక్కడే ఉండి నేర్చుకెళ్లారు. భాష తెలియదు కాబట్టి పాఠాలన్నీ రంగుల గుర్తులతో, సైగలతో! పెద్దవయసు ఆడవాళ్లనే ఎంచుకోవడానికి కారణముంది. కుర్రవాళ్లకు పని వస్తే ఉద్యోగం వెతుక్కుంటూ పట్నం పోతారు. అమ్మమ్మ ఊళ్లోనే ఉంటుంది!

రెండో వైపు కూడా చూడాలి. పాకిస్థాన్‌లో కరెంటు ఛార్జీలు మోతెక్కిపోవడంతో జనం ఎవరికి వారే పలకలు కొని బిగించుకున్నారు. ఒక్క 2024లోనే చైనా నుంచి సుమారు 17 గిగావాట్ల పలకలు దిగుమతయ్యాయి. సొంత మిద్దె, చేతిలో డబ్బు ఉన్నవాళ్లు ఛార్జీల నుంచి బయటపడ్డారు. స్తంభాలు, తీగలు, విద్యుత్ కేంద్రాల ఖర్చు మాత్రం ఎక్కడికీ పోదు కదా! అది మిగిలినవాళ్ల బిల్లుల మీద పడుతోంది. ఆ మిగిలినవాళ్లు ఎక్కువగా పేదలే.

తడ మిద్దెమీదికి వస్తే...

కేంద్రం 2024 ఫిబ్రవరిలో ‘పీఎం సూర్యఘర్’ పథకం మొదలుపెట్టింది. కోటి ఇళ్లు లక్ష్యం. ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు అంతకుమించితే 78 వేల రూపాయల రాయితీ. మన రాష్ట్రంలో 2025 జనవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కుప్పం దగ్గర నడిమూరులో ఊరు మొత్తాన్ని సోలార్‌కు మార్చే కార్యక్రమానికి శ్రీకారం చుట్టారు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఉచితమని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఇక్కడివరకూ బాగుంది. ముందే తెలుసుకోవాల్సిన సంగతులు కొన్నున్నాయి.

మొదటిది, కరెంటు పోతే సోలారూ ఆగుతుంది. చాలామందికి ఇది మింగుడుపడని నిజం. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపే మామూలు ఏర్పాటులో, సరఫరా ఆగగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. లేదంటే మిద్దెమీది కరెంటు తీగలోకి పోయి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. తుపాను రోజుల్లో దీపం వెలగాలంటే బ్యాటరీ ఉండాల్సిందే. దాని ఖర్చు వేరు.

రెండోది నీడ. పలకలో సెల్స్ దండలా గుచ్చి ఉంటాయని చెప్పుకున్నాం కదా! కాలువలో ఒకచోట రాయి అడ్డం పడితే దిగువంతా నీరు తగ్గినట్టు, ఒక సెల్ మీద నీళ్లట్యాంకు నీడో కొబ్బరిమట్టో పడితే ఆ వరసంతా మందగిస్తుంది. ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా నీడ ఎక్కడెక్కడ పడుతుందో సున్నం ముక్కతో గీసి చూసుకున్నాకే చోటు ఖరారు చేసుకోవాలి.

మూడోది పులికాట్ నుంచి వీచే ఉప్పుగాలి. పలక గాజుకు ఏమీ కాదు. కింది ఇనుప చట్రం, బోల్టులు, తీగలు కలిసే చోట్లు తుప్పుపడతాయి. మంచి జింకు పూత ఉన్న చట్రం, తుప్పుపట్టని బోల్టులు అడిగి తీసుకోవాలి. వాయుగుండాలు వచ్చే తీరం కాబట్టి చట్రాన్ని శ్లాబుకు గట్టిగా బిగించాలి. ఊరికే రాళ్లు పెట్టి నిలబెడితే పెనుగాలికి పలక గాలిపటమే.

ఇక అసలు చిక్కు రాత్రి. ఈ తీరంలోని రొయ్యల చెరువులే అందుకు సాక్ష్యం. చెరువునీటిలోని సూక్ష్మమైన నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయితే తానే పీల్చుకుంటుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది. సరిగ్గా అప్పుడే ఏరియేటర్లు జోరుగా తిరగాలి. లేదంటే లక్షల పంట తేలిపోతుంది. ఆ వేళకు సూర్యుడెక్కడ? ఇళ్లలోనూ అంతే. మధ్యాహ్నం కరెంటు పొంగిపొర్లేటప్పుడు అందరూ పనుల్లో, బడుల్లో ఉంటారు. ఫ్యాన్లు, ఏసీలు, టీవీలు అన్నీ తిరిగేది పొద్దుగూకాకే.

ఇప్పటికైతే రెండువైపులా తిరిగే మీటరు ఈ లోటు పూడుస్తోంది. పగలు మిగిలింది లైనుకు అమ్ముకుని, రాత్రి లైను నుంచి తీసుకోవడం. అంటే ఆ రాత్రి కరెంటును ఇంకెక్కడో బొగ్గు కాల్చో, నీళ్లు వదిలో తయారుచేస్తున్నట్టే. మిద్దెలన్నీ సోలార్ అయితే ఈ సర్దుబాటు ఎంతకాలమో సాగదు. అందుకే పగటి కరెంటును దాచే పెద్ద ఏర్పాట్లు మొదలయ్యాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్లతో చేపట్టిన ప్రాజెక్టు అలాంటిదే. కిందో జలాశయం, పైనో జలాశయం. పగలు మిగులు కరెంటుతో నీటిని పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఎండను నీటిరూపంలో మేడమీద దాచుకోవడమన్నమాట!

ఇంకో ప్రశ్న మిగిలింది. మిద్దె లేనివాళ్ల సంగతేంటి? తడ చుట్టుపక్కల శ్రీసిటీ కర్మాగారాల్లో పనిచేస్తూ అద్దె గదుల్లో ఉండేవాళ్లు వేలమంది. మిద్దె ఓనరుది, బిల్లు వీళ్లది. ఓనరుకు పలకలు పెట్టించాల్సిన అవసరం లేదు, వీళ్లకు పెట్టించే హక్కు లేదు. బడి మీదో పంచాయతీ స్థలంలోనో పలకలు పెట్టి అందరికీ వాటా ఇచ్చే పద్ధతులు వస్తే తప్ప, ఎండ అందరిదీ, దాని ఫలం కొందరిదీ అన్నట్టే ఉంటుంది.

‘అట’ల లెక్క ఇప్పుడు తేల్చుకోవచ్చు. బిల్లు తగ్గుతుంది, నిజమే. ఎంత తగ్గేదీ ఇంటి వాడకాన్ని బట్టి ఉంటుంది. రెట్టింపు కరెంటు రాదు. వానాకాలం పూర్తిగా దండగ కాదు. బ్యాటరీ లేకపోతే కోతలూ తప్పవు.

అమ్మేవాళ్లు ఎన్ని వాట్లు, ఎంత రాయితీ, ఎన్నేళ్ల గ్యారంటీ అన్నీ గుక్కతిప్పుకోకుండా చెబుతారు. సంతకం పెట్టే ముందు వాళ్లను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘నాలుగేళ్ల తర్వాత ఇన్వర్టర్ పాడైతే ఎవరొస్తారు, ఎన్ని రోజుల్లో వస్తారు?’ ఆ మాట కాగితం మీద రాసిచ్చేవాళ్ల దగ్గరే కొనుక్కోవడం మేలు. సూర్యుడు ఎలాగూ రేపు పొద్దున వస్తాడు. రావాల్సింది మెకానిక్కే!